గిడుగు రామమూర్తి పంతులు గారూ, మన లెక్కల గదీ

ఏటా ఆగస్టు 29న మన హాస్టల్ వరండాలో బల్ల వేసి, గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి ఫొటో పెట్టి దండ వేస్తాం. తెలుగు భాషా దినోత్సవం అని బోర్డు మీద రంగు సుద్దలతో రాస్తాం. తరవాత వక్తృత్వ పోటీ. పోటీలో నిలబడ్డ ప్రతివారూ ఒకే ఉపన్యాసం అప్పజెబుతారు. గ్రాంథికం వద్దన్నారు, వాడుక భాష కావాలన్నారు, చప్పట్లు. మేమూ మా రోజుల్లో అలాగే అప్పజెప్పి పెన్ను బహుమతిగా పుచ్చుకున్నవాళ్లమే. ఈసారి వార్షికోత్సవ సంచికకు ఆయన జీవితం రాసిపెట్టమని తమ్ముళ్లు అడిగారు. పలాసలోనూ టెక్కలిలోనూ ఉంటున్న పాత విద్యార్థులం కొందరం కూర్చున్నాం. కూర్చున్నాక తెలిసింది, ఆయన గురించి మనం చెప్పుకునేదానికన్నా చెప్పుకోనిదే ఎక్కువని. ముఖ్యంగా లెక్కల తరగతికి ఆయనతో పని ఉందని మాకు ఎవరూ చెప్పలేదు.

ఆయన లెక్కల మాస్టారు కారు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాం. ఆయన చెప్పింది చరిత్ర. అయినా ఆయన జీవితం చదువుతుంటే మాకు మాటిమాటికీ మన చిన్నపిల్లల లెక్కల గదే గుర్తొచ్చింది. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

1863 ఆగస్టు 29న వంశధార ఒడ్డున శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో ఆయన పుట్టారు. తండ్రి వీర్రాజు గారు, తల్లి వెంకమ్మ గారు. తండ్రిది రెవెన్యూ ఉద్యోగం. చోడవరం బదిలీ అయి, 1875లో అక్కడే జ్వరంతో పోయారు. పిల్లవాడికి అప్పటికి పన్నెండేళ్లు. విజయనగరంలో మేనమామ గారి ఇంట్లో ఉండి మహారాజా వారి స్కూల్లో చదువుకున్నారు. తండ్రి లేకుండా, ఊరు విడిచి, ఇంకొకరి ఇంటి తిండి తిని చదువుకోవడం ఎలా ఉంటుందో మన హాస్టల్లో చాలామందికి వేరే చెప్పక్కర్లేదు. గురజాడ అప్పారావు గారు అక్కడ ఆయనకు తోటి విద్యార్థి. 1879లో మెట్రిక్యులేషన్ పాసయ్యారు, ఆ ఏడాదే పెళ్లయింది. 1880లో పర్లాకిమిడి రాజా వారి స్కూల్లో మాస్టారు ఉద్యోగం దొరికింది. నెలకు 30 రూపాయలు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా 1886లో ఎఫ్.ఏ., 1894లో బి.ఏ. పాసయ్యారు. ఉద్యోగంలో చేరిన పద్నాలుగేళ్లకు డిగ్రీ వచ్చిందన్నమాట. పదో తరగతి ఒకసారి తప్పితే బతుకు అయిపోయిందనుకునే తమ్ముళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

పర్లాకిమిడి మనకు దూరం ఊరు కాదు. నౌపడా నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వేశారు. ఇప్పుడు అది బ్రాడ్‌గేజి అయి గుణుపురం దాకా పోతోంది. ఆ రోజుల్లో పలాసా టెక్కలీ పర్లాకిమిడీ అన్నీ మద్రాసు రాజధానిలో గంజాం జిల్లా. పర్లాకిమిడి బజారుకు కొండల మీది నుంచి సవరలు దిగి వచ్చేవారు. కట్టెలు, అడవి సరుకు తెచ్చి అమ్ముకునేవారు. వాళ్ల భాష బజారులో ఎవరికీ రాదు. లెక్కలో మోసపోయినా గట్టిగా అడిగే దారి లేదు. అది రోజూ చూసినవాళ్లు వేలమంది. రామమూర్తి గారు మాత్రం ఆ భాష నేర్చుకోవాలనుకున్నారు. తెలుగూ సవరా రెండూ తెలిసిన ఒక మనిషిని తన ఇంట్లోనే పెట్టుకుని, మాట మాటా అడిగి రాసుకున్నారు. కొండల్లో తిరిగారు. అక్కడి మలేరియా పట్టుకుంది. దానికి వేసుకున్న క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. తరవాత బతికినన్నాళ్లూ ఆయనకు వినికిడి సరిగా లేదు. ఎదుటివాడు మాట్లాడేది శ్రద్ధగా వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి అదీ జరిగింది.

భాష వచ్చాక సవర పిల్లల కోసం సవర భాషలోనే వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, వాటిలో మాస్టర్లకు జీతాలు తనే ఇచ్చారు. పిల్లవాడికి రాని భాషలో పాఠం చెప్పి, వాడికి బుర్ర లేదనడం ఆయనకు అన్యాయంగా తోచింది. 1913లో ప్రభుత్వం రావు బహదూర్ బిరుదిచ్చింది. సవర భాష మీద ఇంగ్లీషులో రాసిన పెద్ద పుస్తకాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు.

ఇక్కడ కాస్త ఆగి సవరల లెక్క సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యాసం రాయాలనిపించింది దానివల్లే. మనం పది దాకా లెక్కపెట్టి, పదకొండు పన్నెండు అని పది మీద పేరుస్తాం. సవర భాషలో పన్నెండు దాకా వేటికవే పేర్లు. పన్నెండును మిగెల్ అంటారు. ఒకటి బొయ్. పదమూడు అనాలంటే మిగెల్‌బొయ్, అంటే పన్నెండూ ఒకటీ. ఇరవై దగ్గర ఇంకో మూట కడతారు. కనక 39 అంటే ఇరవై, పన్నెండు, ఏడు. 93 అంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. వేసి చూడండి, నాలుగు ఇరవైలు 80, పన్నెండు కలిపితే 92, ఒకటి కలిపితే 93. సరిపోయింది. ప్రపంచంలో పన్నెండుతో ఇలా లెక్కపెట్టే భాషలు చాలా తక్కువ. వాటిలో ఒకటి మందస కొండల్లో, మెళియాపుట్టి కొండల్లో, మన పక్కనే ఉంది. మా పుస్తకాల్లో రోమన్ అంకెల పాఠం ఉండేది గాని ఇది లేదు.

ఇప్పుడు ఆ కొండ మీది పాపను మూడో తరగతిలో కూర్చోబెట్టి, మూడు పదులూ మూడు ఒకట్లూ ఎంత అని అడిగామనుకోండి. ఆ పాప బుర్రలో 33 అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. పదుల మూట అసలు ఆమె ఇంట్లో లేదు. ఆమె మాట్లాడదు. మాట్లాడకపోతే రాదని రాసేస్తాం.

ఇది ఊహించి రాసింది కాదు. మూడేళ్ల కిందట మేము కొందరం ఆదివారాలు హాస్టల్‌కి వచ్చి మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలతో లెక్కలు చేయించడం మొదలుపెట్టాం. అందులో కొండ ఊరి నుంచి వచ్చిన ఒక పాప వారాల తరబడి నోరు విప్పలేదు. ఒకరోజు చింతపిక్కలు కుప్పపోసి 33 లెక్కపెట్టి, మీకు నచ్చినట్టు కుప్పలు చెయ్యమన్నాం. అందరూ పదేసి పెట్టారు. ఈ పాప ఒక పెద్ద కుప్ప, ఒక చిన్న కుప్ప, పక్కన ఒక్క పిక్క పెట్టింది. పక్కనున్న కుర్రాడు తప్పు తప్పు అని అరిచాడు. మేమూ తప్పనే అనబోయాం, ఆ మాట దాచుకోం. ఎలా పెట్టావో చెప్పమ్మా అని అడిగితే, చాలాసేపటికి తన భాషలో లెక్కపెట్టి చూపించింది. గదిలో నిశ్శబ్దం. తరవాత సోంపేట వైపు నుంచి వచ్చిన పిల్లవాడు తన తాతమ్మ ఒడియాలో ఇరవైని కొడి అని లెక్కపెడుతుందని చెప్పాడు. ఇంకొకడికి వాళ్ల నాయనమ్మ పుంజీల లెక్క గుర్తొచ్చింది. పుంజీ అంటే నాలుగు. 33 అంటే ఎనిమిది పుంజీలూ ఒకటి. అరగంటలో ఆ పిల్లలు 33ని నాలుగు రకాలుగా విడగొట్టారు. స్థానవిలువల పాఠం మాకు అయిదో తరగతిలో చెప్పినా పదో తరగతి దాకా అర్థం కాలేదు. వాళ్లకు ఆ పూటే కాస్త తెలిసింది. పది అనేది దేవుడిచ్చిన మూట కాదని, మనం ఎంచుకున్న మూట అని.

మా చదువు వేరేగా సాగింది. మేము చదివిన ఒక బడిలో లెక్కల గంటలో మాట్లాడేది ఒక్క మాస్టారే. బోర్డు మీద చేసింది మేము దింపుకోవాలి. అడగాలని ఉండేది. అడిగితే ఏటి, ఎలాగ, నాను అని మా ఉద్దానం మాటే నోట్లోంచి వచ్చేది. క్లాసంతా నవ్వేది, ముందు మాస్టారే నవ్వేవారు. అలా రెండుసార్లు జరిగాక ఎవడడుగుతాడు? మాలో ఒకడు తీసివేతలో ఎప్పుడూ ఒకే తప్పు చేసేవాడు. 52లోంచి 17 తీసెయ్యమంటే 45 అని రాసేవాడు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యాలని ఎక్కడో పట్టుకున్నాడు, కనక ఏడులోంచి రెండు తీసేవాడు. ప్రతిసారీ ఎర్ర ఇంటూ పడేది. ఎలా చేశావురా అని ఒక్కరూ అడగలేదు. అడిగుంటే ఒక్క నిమిషంలో బయటపడేది. వాడు పదిలో లెక్కలు తప్పాడు, మళ్లీ రాయలేదు, చెన్నై పనికి పోయాడు. అదే కుర్రాడు సెలవుల్లో వాళ్ల నాన్న కొబ్బరి బొండాల బండి దగ్గర చిల్లర ఎన్నడూ తప్పు ఇవ్వలేదు. 17 రూపాయలు పోను 52కి ఎంత అంటే, 17కి మూడు ఇస్తే ఇరవై, ముప్పై ఇస్తే యాభై, ఇంకో రెండు, మొత్తం 35 అని టక్కున లెక్కపెట్టేవాడు. బండి దగ్గర నోటితో చేసిన లెక్కా, బడిలో పలక మీద చేసిన లెక్కా ఒకటేనని వాడికి తెలియలేదు. ఆ రెంటినీ ఎదురెదురుగా పెట్టే మాట ఆ గదిలో పుట్టలేదు.

రామమూర్తి గారి జీవితంలో మాటకు చోటు దొరికింది 1907 ప్రాంతంలో. జె.ఎ. యేట్స్ అనే దొర మన ఉత్తరాది జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తెలుగు నేర్చుకుంటున్న ఆయనకు పుస్తకంలో ఉన్న తెలుగు ఒకటి, జనం మాట్లాడే తెలుగు ఇంకొకటి కనిపించి ఆశ్చర్యం వేసింది. బళ్లలో భాష మాట్లాడించి నేర్పాలి, అప్పజెప్పించి కాదు అనేది ఆయన పట్టు. ఆ పట్టు రామమూర్తి గారికి నచ్చింది. సవరల మధ్య తాను తెలుసుకున్నదీ అదే. గురజాడ వారు, విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు తోడయ్యారు. పాఠశాలల్లో వాడుక భాష అనే పోరాటం అక్కడ మొదలైంది. 1911లో ఉద్యోగం నుంచి దిగాక పంతులు గారు పూర్తిగా దానిలోనే మునిగారు. జయంతి రామయ్య పంతులు వంటి పెద్దలు ఎదురు నిలిచారు. ఊరూరా సభలు, వాదాలు. 1919లో తెలుగు అనే పత్రిక పెట్టారు. ఈ భాగం మీ అందరికీ ఉపన్యాసాల్లో వచ్చిందే కనక పొడిగించడం లేదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆయన వాదం మొదట పండితుల కావ్యాల గురించి కాదు, బళ్లో పిల్లవాడి నోటి గురించి. పిల్లవాడు తనకొచ్చిన మాటలో ఆలోచించి తనకొచ్చిన మాటలో చెప్పగలిగితేనే వాడికేం తెలుసో మాస్టారికి తెలుస్తుంది. ఇది తెలుగు పాఠానికే వర్తిస్తుందని మేము చాలాకాలం అనుకున్నాం. లెక్కలకు భాషతో పనేముంది, అంకెలే కదా అనుకున్నాం.

అంకెలే కాదని మాకు జీడిపప్పు నేర్పింది. పలాస కాశీబుగ్గలో జీడిపరిశ్రమలు ఉన్న సంగతి వేరే చెప్పాలా? మన పిల్లల్లో సగం మంది తల్లులు అక్కడ పిక్కలు కొట్టేవాళ్లో, పప్పు తొక్క తీసేవాళ్లో. ఒక ఆదివారం రెండు రకాల గుండు పప్పు తెచ్చి, ఒకటి 240 నంబరు, ఒకటి 320 నంబరు, ఏది పెద్ద పప్పు అని అడిగాం. నాలుగో తరగతి మొత్తం 320 అని చెయ్యెత్తింది. ఒక్క పిల్ల ఎత్తలేదు. ఎందుకమ్మా అంటే, వాళ్లమ్మ గ్రేడింగు బల్ల దగ్గర కూర్చుంటుందట, 320 చిన్నదని తెలుసట, ఎందుకో తెలియదట. అక్కడ మొదలైంది వాదన. పెద్ద నంబరు చిన్న పప్పుకు ఎలా వస్తుంది? ఒకడు నంబరు తప్పు వేశారన్నాడు. ఒకడు అది ధర అన్నాడు. మేము చెప్పెయ్యకుండా నోరు కట్టుకుని కూర్చోవడం చాలా కష్టమైంది. చివరికి ఒక పిల్ల, ఒకే డబ్బాలో చిన్నవి పోస్తే ఎక్కువ పడతాయి కదా అంది. అదీ సంగతి. ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, ఎన్ని పప్పులు తూగుతాయో అదే ఆ నంబరు. ఎక్కువ తూగితే చిన్నవి. అందుకే 180 నంబరు పప్పు అన్నిటికన్నా ఖరీదు. మరుసటి వారం ఒక రొట్టెలో నాలుగో వంతు పెద్దదా, ఎనిమిదో వంతు పెద్దదా అని అడిగితే, కింద ఎనిమిదుంది కాబట్టి అదే పెద్దది అన్నవాడు ఇద్దరే. వాళ్లకు మేము చెప్పనక్కర్లేకపోయింది. పప్పు నంబరు లాగే కదరా అని పక్కవాళ్లే చెప్పారు.

మాట్లాడిస్తే చాలు లెక్కలు వచ్చేస్తాయని మేము అనడం లేదు. ఎక్కాలు కంఠతా రావాల్సిందే, అందులో మాకు రెండో మాట లేదు. మాట్లాడించడంలోనూ చిక్కులున్నాయి. గట్టిగా అరిచే ఇద్దరే మాట్లాడతారు, మిగతావాళ్లు వాళ్ల ముఖం చూస్తారు. అందుకని ముందు ఎవరికి వారు పలక మీద చేసుకోవాలి, తరవాత పక్కవాడికి చెప్పాలి, ఆ తరవాతే అందరి ముందు. అడిగాక కాసేపు ఊరుకోవాలి. తప్పు చెప్పినవాణ్ని నవ్వితే ఆ రోజుకు పిక్కలు పంచే పని నవ్వినవాడిది. ఇంట్లో మాట ఏదైనా సరే, ఏటి అన్నా సరే, సవర అన్నా సరే, ఒడియా అన్నా సరే. పరీక్షలో రాయాల్సిన మాట చివర బోర్డు మీద రాస్తాం. ఇవన్నీ తప్పులు చేసి నేర్చుకున్నవే.

ప్రభుత్వమూ ఆలస్యంగా ఆ దారికే వచ్చింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో మొదటి తరగతుల పాఠాలు మొదలుపెట్టారు. వాటిలో సవర ఒకటి. పంతులు గారు సొంత జీతంలోంచి బడులు పెట్టిన కాలానికీ దానికీ మధ్య సుమారు వందేళ్లు.

ఆయన చివరి రోజులు చెప్పి ముగిస్తాం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. గంజాం జిల్లా రెండు ముక్కలైంది. టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం మద్రాసులో ఉండిపోయి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. పర్లాకిమిడి అవతలికి పోయింది. పర్లాకిమిడిని అటు కలపవద్దని ఆయన పోరాడారు. వినలేదు. యాభై అయిదేళ్లకు పైగా ఉన్న ఊరు వదిలి ఆ ఏడాదే రాజమండ్రి వచ్చేశారు. అప్పటికి ఆయన వయసు డెబ్బై రెండు. 1934లో కైజర్ ఇ హింద్ పతకం, 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారి కళాప్రపూర్ణ వచ్చాయి. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు. ఆయన కోరిన తెలుగు పాఠ్యపుస్తకాల్లోకి పూర్తిగా రావడం ఆయన చూడలేదు. కుమారుడు గిడుగు సీతాపతి గారు ఆ పని కొనసాగించారు.

ఈ ఆగస్టు 29న వక్తృత్వ పోటీతో పాటు చిన్నపిల్లల లెక్కల పూట కూడా పెట్టమని వార్డెన్ గారిని అడిగాం, సరేనన్నారు. ఉపన్యాసం ఉండదు. మూడో తరగతి పిల్లలు వాళ్ల ఇంట్లో అమ్మమ్మలు ఎలా లెక్కపెడతారో చేసి చూపిస్తారు. మొదటిది ఆ కొండ ఊరి పాప. ఇప్పుడు అయిదో తరగతి, బాగానే మాట్లాడుతోంది, ఒక్కోసారి ఆపాల్సి వస్తోంది కూడా. పాత విద్యార్థులు ఎవరైనా ఆదివారాలు రాదలిస్తే ఉదయం టిఫిను వేళ దాటాక రండి. వచ్చేటప్పుడు చింతపిక్కలు ఒక సంచీడు, వీలైతే పాత తక్కెడ ఒకటి పట్టుకురండి. ఉన్న తక్కెడ ఒక పక్కకు ఒరుగుతోంది, దాని మీద కూడా పిల్లలు వాదన పెట్టుకున్నారు.